ఎ సైడ్ ఆగిపోయిన చోట

ఒక అమెరికన్ సీరియల్ చూడకుండానే దాని పాటలన్నీ నేర్చుకున్నదాన్ని నేను. ఒక్క ఎపిసోడ్ చూడలేదు, అందులో ఎవరి మొహం ఎట్లా ఉంటుందో తెలియదు, కానీ రెండున్నరేళ్ల పాటు ఆ గొంతులు వింటూనే ఉన్నాను, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో కూడా తెలుసు. ఇప్పుడు మా ఆఫీసులో పిల్లలకి ఈ మాట చెబితే నమ్మరు, వాళ్లకి పాటా బొమ్మా రెండూ ఒకేసారి ఫోన్లో వచ్చేస్తాయి. మరిచిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

2003 మే నెలాఖరు, కందుకూరు. రోహిణీ కార్తె మొదలైంది, మధ్యాహ్నం పూట వీధిలో కుక్క కూడా తిరగదు. మా పెదనాన్న కూతురు అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చింది. అందరికీ చాక్లెట్లు, సెంటు సీసాలు, పెద్దమ్మకి నొప్పుల మందు, ఇట్లా పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి ఇచ్చాక, నన్ను మిద్దె మీదికి పిలిచి ఒక చిన్న సీడీ ప్లేయరూ ఒక సీడీ చేతిలో పెట్టింది. "ముందు ఇది విను, తర్వాత మాట్లాడుకుందాం" అంది. నేనప్పుడు నెల్లూరులో ఎంసీఏ చదువుతున్నాను, హాస్టల్. నాకు తెలిసిన పాటలంటే సినిమా పాటలు, టీవీలో బాలు గారు కూర్చుని పిల్లల చేత పాడించే పాటలు. ఇంగ్లీషు పాటలు వినే అలవాటే లేదు.

ఆ సీడీ 'బఫీ ద వాంపైర్ స్లేయర్' అనే అమెరికన్ సీరియల్లో ఒకే ఒక్క ఎపిసోడ్ పాటలది. సీరియల్ 1997లో మొదలై సరిగ్గా ఆ మే నెలలోనే అయిపోయింది, ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. అక్క ఆఖరి ఎపిసోడ్ చూసి, ఏడ్చి, ఆ తర్వాతే ఫ్లైట్ ఎక్కిందట. కాలిఫోర్నియాలో సన్నీడేల్ అనే ఊరు, ఆ ఊళ్లో రక్తం తాగే పిశాచాల పని పట్టే బఫీ అనే అమ్మాయి, ఆమె స్నేహితులు. ఆరో సీజన్లో ఏడో ఎపిసోడ్ మొత్తం పాటలతో నడుస్తుంది. ఊళ్లోకి ఒక రాక్షసుడు వస్తాడు, వాడున్నంతసేపు ఊరి జనమంతా మాట్లాడాల్సింది పాడతారు, కావాలని కాదు, ఆపుకోలేక. మనసులో దాచుకున్నది ఏదైనా సరే పాటలో బయటికి వచ్చేస్తుంది. మరీ మించిపోతే డాన్సు చేస్తూ చేస్తూ నిలువునా కాలిపోతారు. ఆ ఎపిసోడ్ పేరు 'వన్స్ మోర్, విత్ ఫీలింగ్'.

అక్క ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. 2001 నవంబరు 6, మంగళవారం. ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసి, రూమ్మేట్లు ముగ్గురూ సోఫా ముందు నేల మీద కూర్చున్నారట. మామూలు ఎపిసోడ్ కన్నా ఎనిమిది నిమిషాలు ఎక్కువ ఇచ్చారు దానికి. అయిపోయాక ఎవరూ లేవలేదట. పాటల సీడీ వెంటనే రాలేదు, 2002 సెప్టెంబరులో గానీ రాలేదు. ఈ పది నెలలూ ఆగలేక, అక్క టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, వీసీఆర్‌లో ఎక్కించుకున్న ఎపిసోడ్ మళ్లీ వేసి, ఆ శబ్దం క్యాసెట్లోకి పట్టింది. మనం ఇక్కడ రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి, ఇంట్లో అందరినీ నోరు మూసుకోమని, పాటలు పట్టేవాళ్లం చూడండి, అచ్చం అట్లాగే. ఒక పాట మధ్యలో కుక్కర్ మూడు విజిల్స్ వేసిందట. రోజూ కారులో అదే వింటూ ఆఫీసుకి వెళ్లేసరికి, తర్వాత అసలు సీడీ కొనుక్కుని వింటే ఆ పాటలో కుక్కర్ లేకపోవడమే లోటుగా అనిపించిందని చెప్పింది. అంత దూరంలో, అంత పెద్ద జీతం తెచ్చుకుంటూ, మా అక్క అట్లా క్యాసెట్ పట్టుకుందంటే నాకు చాలా ముద్దొచ్చింది.

మొదటిసారి విన్నప్పుడు నాకు పావు వంతు కూడా అర్థం కాలేదు. యాస అలవాటు లేదు. అక్క వెళ్లిపోయాక నెల్లూరు వచ్చి, వీఆర్సీ సెంటర్ దగ్గర నెట్ సెంటర్లో గంట కొనుక్కుని, పాటల మాటలు వెతికి ప్రింట్ తీయించుకున్నాను. ఆ కాగితాలు హాస్టల్లో పరుపు కింద ఉండేవి. సాయంత్రం మెస్సుకి వెళ్లే ముందు ఒక పాట, పడుకునే ముందు ఒక పాట. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. నా ఇంగ్లీషు బాగుపడింది అట్లానే, ఏ కోచింగ్ సెంటర్ వల్లా కాదు.

అసలు చెప్పాలనుకున్నది తాతయ్య గురించి.

తాతయ్య ఎలిమెంటరీ స్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. పద్య నాటకమంటే ప్రాణం. వయసులో ఉన్నప్పుడు తిరణాళ్లలో చిన్న చిన్న వేషాలు కట్టాడు కూడా. మాలకొండ గుడికి శనివారాలు ఎంత నిష్ఠగా వెళ్లేవాడో, ఎక్కడ నాటకం ఉందంటే అక్కడికి అంత నిష్ఠగా వెళ్లేవాడు, కందుకూరు నుంచి సింగరాయకొండ దాకా సైకిల్ తొక్కి అయినా సరే. ఆయన దగ్గర ఒక పానాసోనిక్ టూ ఇన్ వన్ ఉండేది, బీరువాలో అట్ట పెట్టె నిండా నాటకాల క్యాసెట్లు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర. ఆయన ఆ నాటకాలు చాలావరకు చూడకముందే రికార్డుల్లో విన్నాడు. ఆయన చిన్నప్పుడు ఊళ్లో ఒక మోతుబరి ఇంట్లో గ్రామఫోన్ ఉండేదట, నాటకాల సెట్లు వేస్తే అరుగు మీద జనం కూర్చుని వినేవాళ్లు. ఈలపాట రఘురామయ్య కృష్ణుడిగా ఎట్లా ఉంటాడో తెలియక ముందే ఆయన పద్యం నోటికొచ్చేసిందని చెప్పేవాడు.

దసరా సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు నేను ఇయర్ ఫోన్లు పెట్టుకుని నవ్వుకుంటా ఉంటే చూసి, "ఏందమ్మాయ్ అది, మాక్కూడా పెట్టు" అన్నాడు. ఒక ఇయర్ ఫోన్ ఆయన చెవిలో పెట్టాను. రెండు నిమిషాలు విని, ఇది నాకు గిట్టదు, చెవిలో పురుగు దూరినట్టుంది, బయటికి వినపడేట్టు పెట్టు అన్నాడు.

అందుకని నెల్లూరు వెళ్లాక ఆ సీడీని క్యాసెట్లోకి ఎక్కించాను. ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక రికార్డింగ్ షాపు ఉండేది. మనం చీటీ మీద పాటల లిస్టు రాసిస్తే రెండు రోజుల్లో క్యాసెట్ చేసి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇచ్చి వచ్చాను. తెచ్చుకుని వింటే, ఎ సైడ్ అయిపోయేసరికి ఒక పాట నడిమధ్యలో తెగింది. బి సైడ్లో ఆ పాట మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి కదా, అట్లా చేయలేదు, తెగిన చోటి నుంచే మొదలవుతుంది. అది ఏ పాటంటే, కథలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్క దిక్కు నుంచి ఒకే చోటికి, మంట దగ్గరికి, నడిచి వెళ్తూ పాడే పాట. అందరి గొంతులూ ఒకదాని మీద ఒకటి వచ్చి కలవబోయే సమయానికి టక్కుమని బటన్ పైకి లేస్తుంది. నాకు ఏడుపొచ్చింది. ఇంకో క్యాసెట్ కొనడానికి ఆ నెల డబ్బుల్లేవు, అదే తీసుకెళ్లి తాతయ్యకిచ్చాను.

తాతయ్య దాని మీద అట్ట ముక్క అంటించి, తన ముత్యాల్లాంటి రాతతో "అమెరికా నాటకం, ఒక సెట్టు" అని రాసుకున్నాడు. హరిశ్చంద్ర పక్కన పెట్టుకున్నాడు.

ఆ సంక్రాంతి సెలవులు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. సాయంత్రం ఐదింటికి వేపచెట్టు కింద మంచం వేసి, టూ ఇన్ వన్‌కి లోపలి నుంచి వైరు లాగి, నేను కాగితాలు పట్టుకుని కింద చాప మీద కూర్చునేదాన్ని. ఒక పాట అయ్యాక ఆపి అర్థం చెప్పాలి. కానీ ఆయన నన్ను ముందు చెప్పనిచ్చేవాడు కాదు. "ఉండు, నేను చెప్తా, తప్పయితే దిద్దు" అనేవాడు. బఫీ మొదటి పాట చాలా హుషారుగా ఉంటుంది, నేను మొదట విన్నప్పుడు సంతోషంగా పాడుతోందనే అనుకున్నాను. తాతయ్య కళ్లు మూసుకుని విని, "ఈ పిల్ల పైకి పాడతా ఉంది గానీ మనసు ఇక్కడ లేదు, ఏదో దాస్తా ఉండాది" అన్నాడు. నిజం. అంతకు ముందు సీజన్ చివర్లో బఫీ చనిపోతుంది. స్నేహితులు మంత్రం వేసి బతికిస్తారు, ఆమెను ఏదో నరకం నుంచి కాపాడామని అనుకుంటారు. ఆమె ఉన్నది స్వర్గంలో. ఆ మాట వాళ్లకి చెప్పలేక, రోజులు ఈడుస్తూ ఉంటుంది. ఆ రాక్షసుడి మహిమ వల్ల చివరికి పాటలో ఆ నిజం బయటపడుతుంది. ఇంగ్లీషు ముక్క రాని ఎనభై ఏళ్ల మనిషి గొంతు విని పట్టేశాడు.

ఆ బయటపడే చోటు దగ్గర క్యాసెట్ ఆపమని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, మన నాటకంలో పాత్ర తన గొప్ప చెప్పుకోడానికో, ఎదుటివాణ్ణి దెప్పడానికో పద్యం ఎత్తుకుంటుంది, కృష్ణుడు సభలో పాడతాడు, కర్ణుడూ పాడతాడు, వీళ్లు మాత్రం చెప్పకూడదనుకున్నదే పాడుతున్నారే అని. తర్వాత కాసేపటికి తనే సర్దుకున్నాడు: హరిశ్చంద్రుడు కాటిలో పాడేది కూడా అదే కదమ్మాయ్, పగలంతా బిగబట్టుకున్నదే కదా అక్కడ వచ్చేది.

ఎపిసోడ్ పేరు చెప్పినప్పుడు మంచం మీద లేచి కూర్చున్నాడు. "వన్స్ మోరా? అది మన మాటే!" అన్నాడు. పద్యం బాగా పాడితే జనం ఈలలేసి వన్స్ మోర్ అని అరవడం, నటుడు ఆ సీను అక్కడే ఆపి మళ్లీ అదే పద్యం, ఈసారి రాగం ఇంకాస్త సాగదీసి పాడటం, అది తెలుగు నాటకం చూసినవాళ్లందరికీ తెలిసిందే. ఒకసారి తిరణాల నాటకంలో కాటిసీను పద్యానికి మూడుసార్లు వన్స్ మోర్ పడి, తెల్లవారి కోళ్లు కూసినా నాటకం అయిపోలేదట. పేరులో రెండో ముక్కకి అర్థం 'మనసు పెట్టి' అని చెప్తే, "ఆ ముక్క మనవాళ్లు అరవలేదు గానీ, వాళ్లు అడిగింది అదే" అన్నాడు.

పిశాచంగా ఉంటూ బఫీని ప్రేమించే స్పైక్ పాట వచ్చినప్పుడు, "వీడికి కోపమా, ప్రేమా?" అని అడిగాడు. రెండూ తాతయ్యా అన్నాను. పెళ్లి కుదిరిన జంట ఒకరి మీద ఒకరు తమ అనుమానాలన్నీ చెప్పుకునే పాట పాతకాలపు వరస, అది వింటే కాళ్లు కదిపేవాడు, ఇది హాస్యం సీను అని తనే చెప్పాడు. మధ్యలో ఒక బట్టలు శుభ్రం చేసే షాపు దగ్గర ఒకాయన తన చొక్కా మీద మస్టర్డ్ మరక పోయిందని నిమిషం కూడా లేని పాట పాడతాడు. దాన్ని పాడింది ఆ సీరియల్ రచయితల్లో ఒకడైన డేవిడ్ ఫ్యూరీ. పార్కింగ్ ఫైన్ రాయొద్దని బతిమాలే ఇంకో చిన్న పాట పాడింది మార్టీ నాక్సన్, ఆమె కూడా రచయితే. తాతయ్యకి ఈ రెండూ తెగ నచ్చేశాయి. మరక గురించి కూడా పాడతారా అని నవ్వి, మా అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతుంటే ఆ వరస కూనిరాగం తీసేవాడు.

కానీ ఆయన మళ్లీ మళ్లీ పెట్టించుకున్నది జైల్స్ పాట. జైల్స్ బఫీకి గురువు, తండ్రి లాంటివాడు. తను పక్కనే ఉంటే ఈ పిల్ల ఎప్పటికీ తన మీదే ఆధారపడుతుంది, తనే ఆమె దారికి అడ్డం నిలబడ్డానని, వెళ్లిపోవాలని అనుకుంటూ పాడతాడు. ఆమెకి ఆ పాట వినపడదు. పాడిన ఆంథనీ హెడ్‌కి ముందు నుంచీ స్టేజీ అలవాటు ఉంది, గొంతులోనే తెలుస్తుంది అది. అర్థం చెప్పాక తాతయ్య "ఊ" అన్నాడంతే. నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పి పంపించినవాడు కదా. మరుసటేడు నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి సింగరాయకొండ స్టేషన్లో రైలెక్కుతుంటే, కిటికీ దగ్గరికొచ్చి, "ఆ అయ్యవారి మాదిరి నేను పాడలేనమ్మాయ్, వెళ్లిరా" అన్నాడు. గూడూరు దాటేదాకా నేను ఎవరి మొహం చూడలేకపోయాను.

ఈ పాటలు రాసినాయన జాస్ వీడన్, సీరియల్ సృష్టికర్త. సంగీతం చదువుకున్నవాడు కాదు. ఈ ఒక్క ఎపిసోడ్ కోసం కూర్చుని పియానో, గిటారు నేర్చుకుని, ఎపిసోడ్ రాసి, పాటలు కట్టి, తనే డైరెక్ట్ చేశాడు. వాద్యాల కూర్పు క్రిస్టోఫ్ బెక్, జెస్సీ టోబియాస్. నటీనటులందరూ సొంత గొంతుతోనే పాడారు. చాలామందికి పాడటం రాదు, భయపడ్డారు. వీడన్ ఇంట్లో భార్యతో కలిసి తను పాడి రికార్డు చేసిన టేపే వాళ్లకి ఇచ్చాడట, అట్లాంటి రికార్డింగ్ ఒకటి ఆ సీడీ చివర్లోనూ ఉంటుంది. అది నాకు చాలా ఇష్టం. బాగా పాడిన పాట పక్కన, ఇంకా పాట కాని పాట. తాతయ్యకి సీడీ ప్లేయర్ మీద వినిపిస్తే, హార్మోనియం మాస్టారు రిహార్సల్లో ముక్కుతో పాడి వరస చూపించినట్టే ఉందన్నాడు. బఫీ స్నేహితురాలు విల్లో వేషం వేసిన ఆలిసన్ హానిగన్ తనకి పాడే భాగం తక్కువ పెట్టమని అడిగిందట. బఫీ చెల్లెలు డాన్‌గా వేసిన మిషెల్ ట్రాక్టెన్‌బర్గ్‌కి బ్యాలే వచ్చు, అందుకని ఆమెకి పాట కొద్దిగా, నాట్యం ఎక్కువగా పెట్టారు. వాళ్ల గొంతుల్లో ఆ కొంచెం తడబాటే నన్ను పట్టుకుంది. గొప్ప గాయకులు పాడి ఉంటే ఇంత దగ్గరగా ఉండేది కాదని నా నమ్మకం.

బొమ్మ చూసింది 2005 డిసెంబరులో. అక్క ఆరో సీజన్ డీవీడీలు తెచ్చింది. అమెరికా డీవీడీలు ఇక్కడ ప్లేయర్లో ఆడవు కదా, ప్రాంతానికో కోడ్ ఉంటుంది. కంప్యూటర్ డ్రైవ్ అయితే ఐదుసార్లు ఆ కోడ్ మార్చుకోనిస్తుంది, అందులో ఒకటి దీనికోసం ఖర్చుపెట్టాను. తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, మానిటర్ దగ్గరికి జరిపాం. అప్పటికి ఒక కంటికే ఆపరేషన్ అయింది. తెర మీద ఎవరు నోరు తెరవకముందే, సంగీతం మొదలవగానే "ఇప్పుడు అయ్యవారు", "ఇప్పుడు హాస్యం" అని చెప్పేస్తున్నాడు, అక్క నా వంక చూసి నోరు తెరిచేసింది. రాక్షసుడు మాత్రం ఆయన ఊహకి అందలేదు. ఆ గొంతు హింటన్ బాటిల్‌ది, బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలల్లో ఆడి, నాటకాలకిచ్చే టోనీ అవార్డులు మూడు తెచ్చుకున్న నటుడు. ఆ మెత్తటి గొంతు విని తాతయ్య నల్లటి పంచె కట్టుకున్న శకుని లాంటివాణ్ణి ఊహించుకున్నాడట. తీరా చూస్తే ఎర్రటి మొహంతో సూటు వేసుకున్నవాడు. "గొంతుకి మొహం కుదరలా" అన్నాడు. మిగతాదంతా బాగుందని ఒప్పుకున్నాడు, చివర్లో బఫీ మంటలో కలిసేదాకా డాన్సు చేస్తుంటే స్పైక్ వచ్చి పట్టి ఆపినప్పుడు చప్పట్లు కొట్టాడు, వన్స్ మోర్ అని గట్టిగా అన్నాడు. నిజంగానే వెనక్కి తిప్పి మళ్లీ వేశాం.

తర్వాత రోజుల్లో అమెరికాలో సినిమా హాళ్లలో ఈ ఎపిసోడ్ వేసి జనమంతా కలిసి పాడే ప్రదర్శనలు జరిగేవి. అక్క ఒకదానికి వెళ్లొచ్చి ఫోన్లో గంట మాట్లాడింది, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్లతో గొంతు కలిపి పాడానని. కళాకారులకి ఇవ్వాల్సిన డబ్బు దగ్గర పేచీ వచ్చి 2007లో అవి ఆపేశారు. తాతయ్య 2009లో పోయాడు.

కందుకూరు 2022లో నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది. 1970కి ముందూ నెల్లూరులోనే ఉండేది, అప్పుడు తాతయ్య ఉంటే మళ్లీ మనింటికొచ్చామని అనేవాడు. 2024 జనవరిలో హింటన్ బాటిల్ పోయాడు. నిరుడు, 2025 ఫిబ్రవరిలో మిషెల్ ట్రాక్టెన్‌బర్గ్, ముప్పై తొమ్మిదేళ్లకే. ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఆమె అక్కడా నేనిక్కడా ఒకేసారి పాటలు పెట్టుకుని ఫోన్ పెట్టేయకుండా విన్నాం. అందరూ మంట వైపు నడిచే పాట వచ్చింది. ఫోన్లో పాట ఎక్కడా తెగదు, నాకు తెలుసు, ఎన్నో వందల సార్లు విన్నాను. అయినా ఆ చోటు రాగానే నా చెవి టక్ కోసం ఆగింది. ఆ తర్వాత తాతయ్య కళ్లజోడు సర్దుకుని, క్యాసెట్ తీసి, పంచె అంచుతో ఒకసారి తుడిచి, తిప్పి పెట్టి, మూత నొక్కేదాకా పట్టేంతసేపు. "ఏమైంది, ఉన్నావా?" అంది అక్క. ఉన్నాను, పక్క మారుస్తున్నాడు అన్నాను.